కొత్త యాప్‌లోకి వెళ్లే ముందు బయటికి దారి చూసుకుందాం

2025 మే 5న స్కైప్ మూతపడింది. ఆ సంగతి మైక్రోసాఫ్ట్ ఫిబ్రవరి నెలాఖరులోనే ప్రకటించింది. కావాలనుకున్నవారు టీమ్స్‌కు మారవచ్చని, వద్దనుకున్నవారు తమ పాత సందేశాలను దింపుకోవచ్చని చెప్పింది. అప్పటికే మనలో చాలామంది వాట్సాప్‌కు అలవాటు పడిపోయారు కాబట్టి పెద్దగా అలజడి కాలేదు. కానీ ఒక తరం ప్రవాసులకు స్కైప్ అంటే ఏమిటో ఈ పేజీ చదివేవారికి వేరే చెప్పనక్కర్లేదు. కాలింగ్ కార్డు మీద నంబరు గీకి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఇంటికి మాట్లాడిన రోజులు మనవి. ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, అమ్మమ్మా తాతయ్యలతో తనివితీరా ముఖాముఖి మాట్లాడించే రోజులకు మనల్ని చేర్చింది స్కైపే.

ఆ వార్త చదివినప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ప్రపంచం నలుమూలలా కొత్త వెబ్ యాప్‌లు పుట్టుకొస్తూనే ఉన్నాయి. కృత్రిమ మేధ వచ్చాక ఆ వేగం ఇంకా పెరిగింది. పాత ఫొటోలకు రంగులద్దేది ఒకటి, ఇంటి ఖర్చులు లెక్కగట్టేది ఒకటి, పిల్లలకు తెలుగు నేర్పుతానని వచ్చేది ఇంకొకటి. మన బొమ్మలు, మన డబ్బు, మన సంఘాల రికార్డులు, చివరికి మన వంశం వివరాలు కూడా వాటి చేతుల్లో పెడుతున్నాం. చేరడానికి ఒక్క నిమిషం చాలు. రేపు ఆ కంపెనీ మూతపడితే మనది మనం తెచ్చుకోవడం ఎలా అన్నది మాత్రం అడగడం లేదు. చేరే ముందే ఆ మాట అడగాలన్నది నా వాదన.

అవసరంలోంచి పుట్టినవే

ముందుగా స్టార్టప్‌లకు దక్కవలసిన మర్యాద దక్కాలి. ఇంటర్నెట్ కంపెనీ అనగానే మనకు కాలిఫోర్నియా గుర్తుకొస్తుంది. స్కైప్ కథ అక్కడ మొదలవలేదు. స్వీడన్‌కు చెందిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్క్‌కు చెందిన యానుస్ ఫ్రీస్ దాని వ్యవస్థాపకులు. సాఫ్ట్‌వేర్ తయారైంది ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో. జనాభా 14 లక్షలు కూడా దాటని దేశం అది. 2003లో విడుదలైన ఆ ప్రోగ్రామ్ దూరదేశాల ఫోన్ వ్యాపారాన్నే తలకిందులు చేసింది.

ఆ చెట్టుకే ఇంకో కొమ్మ మొలిచింది. స్కైప్‌లో మొదటి ఉద్యోగి అయిన తావెత్ హిన్రికుస్ లండన్‌లో ఉంటూ యూరోల్లో జీతం తీసుకునేవాడు. అదే ఊళ్లో ఉన్న మరో ఎస్టోనియన్ క్రిస్టో కార్మన్ జీతం పౌండ్లలో, స్వదేశంలో కట్టవలసిన ఇంటి అప్పు యూరోల్లో. బ్యాంకులు మార్పిడి పేరుతో కోసుకునే సొమ్ము చూసి, ఇద్దరూ ఒకరి ఖాతాలో ఒకరు వేసుకోవడం మొదలుపెట్టారు. నీ యూరోలు నా ఊళ్లో, నా పౌండ్లు నీ ఖాతాలో అన్నమాట. ఆ సర్దుబాటే 2011లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ అయింది, 2021లో వైజ్ అని పేరు మార్చుకుంది. ఇంటికి డబ్బు పంపే ప్రతి ప్రవాసికీ ఆ బాధ తెలుసు. మందు కనిపెట్టింది ఇద్దరు ప్రవాసులే.

మనవాళ్ల కథ కూడా ఒకటుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ 2005 దీపావళికి సొంతూరు వెళ్దామంటే బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట చెప్పగలిగినవారే లేరు. ఆ ఇబ్బందిలోంచి మిత్రులతో కలిసి 2006లో మొదలుపెట్టిందే రెడ్‌బస్. మలేషియాలో టాక్సీ ఎక్కాలంటే ఉన్న భయానికీ బేరానికీ జవాబుగా 2012లో మైటెక్సీ వచ్చింది. అదే తర్వాత గ్రాబ్ అయింది. అదే సంవత్సరం దుబాయ్‌లో కరీమ్ పుట్టింది. ఇవన్నీ మన జీవితాన్ని నిజంగానే సులువు చేశాయి. కాబట్టి కొత్త యాప్ జోలికే పోవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు.

ఉచితం వెనక లెక్క

అయితే ఈ కంపెనీలు నడిచే తీరు మనకు తెలియాలి. కిరాణా కొట్టు పెట్టినవాడు మొదటి నెల నుంచే లాభనష్టాలు చూసుకుంటాడు. ఇంటర్నెట్ స్టార్టప్ చాలాసార్లు అలా నడవదు. పెట్టుబడి సంస్థలు ఇచ్చిన సొమ్ముతో ఏళ్ల తరబడి నష్టాలకైనా సేవ అందిస్తుంది. మనకు ఉచితంగా వచ్చినదానికి ఖర్చు పెడుతున్నది ఆ పెట్టుబడిదారు. అతను దానం చేయడం లేదు. కొన్నేళ్లలో తన సొమ్ము ఎన్నో రెట్లై తిరిగి రావాలి. పది కంపెనీల్లో పెడితే చాలావరకు మునిగినా ఒకటో రెండో పెద్దవైతే చాలన్నది అతని లెక్క. మునిగిపోయే వాటిలో మన ఫొటోలున్నాయా, మన సంఘం చిట్టా ఉందా అన్నది ఆ లెక్కలో ఉండదు.

అందుకే ఏ స్టార్టప్‌కైనా చివరికి మిగిలేవి నాలుగు దారులు. సొంత కాళ్ల మీద నిలబడి ఛార్జీలు వసూలు చేయడం, షేర్ మార్కెట్‌కు వెళ్లడం, పెద్ద కంపెనీకి అమ్ముడుపోవడం, మూతపడటం. అమ్ముడుపోయినంత మాత్రాన సేవ నిలుస్తుందన్న భరోసా లేదు. స్కైప్‌ను 2005లో ఈబే 260 కోట్ల డాలర్లకు కొన్నది. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లు పోసి కొన్నది. అంత ధర పలికిన సేవే చివరికి ఆగిపోయింది. ఇంకో పక్క, 310 కోట్ల డాలర్లకు ఉబర్ చేతికి 2020లో వెళ్లిన కరీమ్ గల్ఫ్‌లో తన పేరుతోనే నడుస్తోంది. 2018లో ఆగ్నేయాసియా వ్యాపారాన్ని ఉబర్ గ్రాబ్‌కు అప్పగించినప్పుడు మాత్రం మలేషియా, సింగపూర్ వాసుల ఫోన్లలో ఉబర్ యాప్ పనికిరాకుండా పోయింది. ఏది ఎటు తిరుగుతుందో వాడుకునేవారికి ముందుగా తెలియదు. ఆ నిర్ణయంలో మనకు ఓటు లేదు.

పోయినవి ఏమిటి?

టాక్సీ యాప్ పోతే ఇంకోటి దించుకుంటాం. పోగొట్టుకుంటే తిరిగి రానివి వేరే ఉన్నాయి.

ఆర్కుట్ గుర్తుందా? 2004లో గూగుల్ తెచ్చింది. బ్రెజిల్, భారతదేశం దానికి పట్టం కట్టాయి. కాలేజీ స్నేహితులు రాసిన స్క్రాప్‌లు, టెస్టిమోనియల్స్ అన్నీ అందులోనే. 2014 సెప్టెంబరు 30న మూసేశారు. యాహూ గ్రూప్స్ సంగతి ఇంకా బాధాకరం. 2000 తర్వాతి దశాబ్దంలో విదేశాల్లోని తెలుగువారు భాష గురించీ సాహిత్యం గురించీ వాదించుకున్నది, ఊరివాళ్లను వెతికి పట్టుకున్నది చాలావరకు అక్కడే. రచ్చబండ లాంటి చర్చావేదికలు నడిచింది అక్కడే. 2019 అక్టోబరులో యాహూ తన దగ్గరున్న పాత సందేశాలు, ఫైళ్లు తీసేస్తున్నానని చెప్పి కొన్ని వారాల గడువు ఇచ్చింది. తర్వాత దాన్ని కొంచెం పొడిగించింది. 2020 డిసెంబరులో సేవ మొత్తం ఆగిపోయింది. గడువులోగా ఎవరో ఒకరు పూనుకుని దింపుకున్న గుంపుల చరిత్ర మిగిలింది. మిగతావాటిది గాలికి పోయింది.

డబ్బు సంగతి ఇంతకంటే గంభీరం. అమెరికాలో ఇంటి ఖర్చుల లెక్కలకు పేరుపడిన మింట్‌ను ఇన్‌ట్యూట్ 2009లో కొని 2024 మార్చిలో మూసేసింది. అక్కడ పోయింది లెక్కలు, సొమ్ము కాదు. అదే 2024 ఏప్రిల్‌లో సినాప్స్ అనే కంపెనీ దివాలా తీసినప్పుడు సొమ్మే చిక్కుకుపోయింది. సినాప్స్ పేరు సామాన్యులు విని ఉండరు. పొదుపు యాప్‌లకూ వాటి వెనకున్న బ్యాంకులకూ మధ్యవర్తి అది. ఎవరి సొమ్ము ఎంతో రాసే పుస్తకం దాని చేతిలో ఉండేది. అది కూలగానే ఆ పుస్తకానికీ బ్యాంకుల్లో ఉన్న నగదుకూ పొంతన కుదరలేదు. లక్ష మందికి పైగా తమ పొదుపు తాము తీసుకోలేక నెలల తరబడి అల్లాడారు. 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల దాకా తేడా కనిపిస్తోందని కోర్టు నియమించిన ట్రస్టీ చెప్పారు.

ఇక్కడ ఒక విషయం ప్రతి ఇంటికీ తెలియాలి. అమెరికాలో ఎఫ్‌డీఐసీ బీమా బ్యాంకు మునిగితే 2.5 లక్షల డాలర్ల దాకా కాపాడుతుంది. బ్యాంకు కాని మధ్యవర్తి కంపెనీ మునిగితే ఆ బీమా పనిచేయదు. యాప్ తెర మీద ఎఫ్‌డీఐసీ అన్న అక్షరాలు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. బ్రిటన్‌లో కూడా ఎలక్ట్రానిక్ మనీ సంస్థల్లో ఉంచిన సొమ్మును విడిగా భద్రపరచాలన్న నిబంధన ఉంది కానీ, బ్యాంకు డిపాజిట్లకు ఉండే ఎఫ్‌ఎస్‌సీఎస్ హామీ వర్తించదు. డబ్బు పంపడానికి యాప్ మంచి సాధనమే. పిల్లల కాలేజీ ఫీజు దాచుకోవడానికి అది బ్యాంకు కాదు.

ఇక మూడోది డీఎన్‌ఏ. లాలాజలం పంపితే పూర్వీకుల గుట్టు చెబుతానన్న 23అండ్‌మీ సంస్థ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. దాదాపు కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలు దాని దగ్గరున్నాయి. మీ సమాచారం తీసేయించుకునే హక్కు మీకుందని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ప్రజలకు ప్రత్యేకంగా గుర్తుచేయవలసి వచ్చింది. చివరికి కంపెనీ సహ వ్యవస్థాపకురాలు ఆన్ వోజిస్కీ నెలకొల్పిన లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. ఒక మనిషి డీఎన్‌ఏ ఒక్కరిదే కాదని మరచిపోకూడదు. డాలస్‌లో అన్నయ్య పంపిన నమూనాలో విజయవాడలో ఉన్న చెల్లెలి గుట్టు కూడా సగం ఉంటుంది. ఆమెను ఎవరూ అడగలేదు.

చేరే ముందు మూడు ప్రశ్నలు

ఇంతా చదివాక, ఇన్ని అనుమానాలతో కొత్తదేదీ వాడలేమని కొందరనవచ్చు. రైలెక్కేటప్పుడు దిగే స్టేషన్ చూసుకోవడం అనుమానం కాదు. నా మట్టుకు నేను ఏ కొత్త సేవలో చేరాలన్నా మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది, దీనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? నెలకింతని చందా తీసుకునే సేవ మనకు చేదుగా అనిపించవచ్చు. కానీ దాని బతుకు మన చందా మీద ఆధారపడి ఉంది కాబట్టి మన మాటకు కొంత విలువుంటుంది. ఎక్కడా ఛార్జీ లేదు, ప్రకటనలూ లేవు అంటే ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారు. వారి ఓపిక ఎన్నాళ్లో తెలియదు.

రెండోది, నాది నేను దింపుకోగలనా? సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అనో డౌన్‌లోడ్ అనో ఉందా చూడాలి. దిగినవి ఇంకో చోట తెరుచుకునే రూపంలో ఉండాలి. ఫొటో జేపెగ్‌గా, పత్రం పీడీఎఫ్‌గా, లెక్కలు మామూలు స్ప్రెడ్‌షీట్‌గా వస్తే మేలు. ఆ కంపెనీ యాప్‌లోనే తెరుచుకునే ఫైలు దింపుకున్నా లాభం లేదు. తెలుగువారికి ఈ పాఠం కొత్తది కాదు. యూనికోడ్ అలవాటు కాకముందు పాత ఫాంట్లలో కొట్టిన సావనీర్లు, పెళ్లి శుభలేఖలు ఇవాళ కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. అక్షరాలున్నాయి, చదివే తాళంచెవి లేదు.

యూరప్‌లో ఉన్నవారికి ఈ విషయంలో చట్టం అండ ఉంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ 20వ అధికరణం ప్రకారం మనం ఇచ్చిన సమాచారాన్ని, కంప్యూటర్ చదవగలిగే రూపంలో తిరిగి అడిగి తీసుకోవచ్చు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చినా ఆ హక్కును ఉంచుకుంది. మామూలుగా నెల రోజుల్లో జవాబివ్వాలి. ఈ హక్కు వాడుకున్న తెలుగు కుటుంబాలు నాకు తెలిసినంతలో చాలా తక్కువ.

మూడోది, నేను లేనప్పుడు ఇది ఎవరి చేతికి వెళుతుంది? మాట్లాడటానికి ఇష్టపడని విషయమే కానీ తప్పదు. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. ఊళ్లో పోయిన నాన్నగారి జీమెయిల్‌లో ఆయన చివరి ఫొటోలుంటే, పిల్లలెవరికీ పాస్‌వర్డ్ తెలియకపోతే, అవి చడీచప్పుడు లేకుండా పోవచ్చు. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అన్న ఏర్పాట్లున్నాయి. మనం నమ్మిన ఒకరి పేరు అక్కడ రాయడానికి పది నిమిషాలు పడుతుంది. వీలునామా రాసేవారు కూడా ఈ పని మరచిపోతున్నారు.

సంఘాలకు ఒక మనవి

కుటుంబం కంటే కూడా ఈ జాగ్రత్త మన తెలుగు సంఘాలకు ఎక్కువ అవసరం. కార్యవర్గం రెండేళ్లకోసారి మారుతుంది. వచ్చిన ప్రతి కార్యదర్శీ తనకు నచ్చిన కొత్త యాప్‌లో సభ్యుల జాబితా, టికెట్ల అమ్మకం, ఉగాది వీడియోలు పెడతాడు. ఖాతా అతని సొంత ఈమెయిల్ మీద ఉంటుంది. అతను ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోతే, తర్వాతి కార్యవర్గం మొదటినుంచి మొదలుపెడుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పద్ధతి లేకపోవడమే లోపం.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. సంఘం పనులన్నీ సంఘం పేరు మీదున్న ఈమెయిల్‌తోనే జరగాలి. ఏడాదికోసారి, సర్వసభ్య సమావేశానికి ముందు, వాడుతున్న ప్రతి యాప్ నుంచీ రికార్డులు దింపి రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ఇళ్లలో ఉంచాలి. కోశాధికారి ఖాతా పుస్తకాలతో పాటు అదీ అప్పగించాలి. సంఘం వెబ్‌సైట్ పేజీలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచవచ్చు. 1996లో మొదలైన ఆ లాభాపేక్ష లేని గ్రంథాలయం ఈ పనికి రుసుము అడగదు. పద్ధతిగా నడిస్తే ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలంటే మన కళ్లముందే ఈమాట ఉంది. 1998లో ప్రవాస తెలుగువారు మొదలుపెట్టిన ఆ వెబ్ పత్రిక ఎన్నో భారీ పెట్టుబడుల కంపెనీలు వచ్చి పోయినా నిలిచింది. పాత సంచికలు ఇవాళ కూడా చదువుకోవచ్చు.

తయారుచేసేవారు మన ఇళ్లలోనే

ఇంకొక మాట మన పిల్లలతో చెప్పాలి. ఈ కంపెనీల్లో పనిచేస్తున్నవారు, రేపు సొంతంగా పెట్టబోయేవారు మన ఇళ్లలో తక్కువేం కాదు. వేసవి సెలవుల్లో స్నేహితులతో కలిసి యాప్ రాస్తున్న హైస్కూల్ పిల్లలు కూడా ఉన్నారు. వారిని మెచ్చుకుందాం. మెచ్చుకుంటూనే ఒకటి అడుగుదాం. నాన్నా, నీ యాప్ రేపు ఆగిపోతే దాన్ని నమ్ముకున్న బామ్మ తన ఫొటోలు ఎలా తీసుకుంటుంది? దానికి జవాబు మొదటి రోజే రాసి పెట్టుకున్న పిల్లవాడు మంచి ఇంజినీర్ అవుతాడు. ఇది అసాధ్యమైన కోరిక కాదు. గూగుల్‌లో కొందరు ఇంజినీర్లు పట్టుబట్టి ఈ పని మీద కూర్చున్నారు కాబట్టే 2011లో గూగుల్ టేకౌట్ వచ్చింది. ఇవాళ మన ఫొటోలూ ఉత్తరాలూ ఒకేసారి దింపుకోగలుగుతున్నామంటే వారి చలవే.

సరుకు ఎవరిదో వారికి తిరిగి ఇవ్వగలిగే దుకాణాన్నే జనం నమ్ముతారు. ఆ నమ్మకం మీద నడిచే వ్యాపారానికి పెట్టుబడిదారులు కూడా ముందుకు వస్తారని నా ఆశ. అందాకా మన జాగ్రత్త మనదే. ఈ వారాంతంలో ఒక గంట కేటాయించండి. ఇంట్లో అందరూ వాడుతున్న యాప్‌ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఏ యాప్‌లో పోతే తిరిగి రానివి ఉన్నాయో దాని పక్కన గీత పెట్టండి. గీత పడిన వాటిని ముందు దింపుకోండి. ఊళ్లో అమ్మానాన్నల ఫోన్ సంగతి కూడా ఈసారి వీడియో కాల్‌లో అడగండి.